పోతురాజు లేని ఏడు రాళ్లు

దేవరాజులు నాకు కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు, నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని కూడా అడిగాడు. నాకు మోకాళ్ల నొప్పి ఉందని అతనికెవరు చెప్పారో మరి. ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం వెలగబెట్టినదాన్ని, పిలవని పేరంటానికి వెళ్తే ఇంత మర్యాద ఎక్కడా జరగదని నాకు తెలుసు. టీ గ్లాసు అలాగే బల్ల మీద ఉంచేశాను.

నా పేరు ప్రసన్నకుమారి. పేరుకూ ముఖానికీ పొంతన లేదని మా అమ్మే అనేది. హెడ్ కానిస్టేబులుగా ఉద్యోగం వదిలేసి తిరుపతి బస్టాండు వెనకాల ఒక గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టాను. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురికి పాత సంబంధం ఏమైనా ఉందా, ఇలాంటి ఎంక్వయిరీలే నాకు కూడు పెడతాయి. నిన్న మధ్యాహ్నం స్టెల్లా వచ్చి నా ఎదురుగా కూర్చునేదాకా నేనూ అలాంటి పని మీదే ఉన్నాను.

స్టెల్లా పుత్తూరులో ఒక ఆసుపత్రిలో ఆయా. ఆమె భర్త మునిశేఖర్, పుత్తూరుకీ నగరికీ మధ్య మూతపడి ఉన్న పేపర్ మిల్లులో కూలి పని చేస్తాడు. మొన్న సాయంత్రం డ్యూటీ దిగాల్సినవాడు ఇంటికి రాలేదు. నిన్న పొద్దున ఆమె స్టేషనుకు పోతే, మొగుడు కనపడలేదన్న ఫిర్యాదు తీసుకోకపోగా, నీ మొగుడు రాగి కేబుల్ దొంగతనం చేసి పారిపోయాడని కేసు రాసి చేతిలో పెట్టారు. ఆమె ఏడవలేదు. నా బల్ల అంచు పట్టుకుని ఒకటే అడిగింది.

"దొంగ కాదని నాకు తెలుసక్కా. బతికుండాడా లేదా, అదొక్కటి తేల్చి చెప్పు."

అదీ నాకు అప్పగించిన పని. తేల్చడానికి ఉన్న గడువు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల వరకే. పన్నెండుకు మిల్లు చిమ్నీని మందు పెట్టి పడగొడతారు. దాంతో పని ముగుస్తుంది, కూలీలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోతారు, అడిగితే చెప్పేవాడు ఒక్కడు కూడా మిగలడు.

ఈ మిల్లు సంగతి కూడా చెప్పాలి. కాగితాన్ని తెల్లగా చేసే మందు తయారు చేయడానికి ఒకప్పుడు ఇక్కడ పాదరసం వాడేవారు. ఏళ్ల తరబడి అది కారి కారి నేలలోకి ఇంకింది. ఇప్పుడు ఆ మట్టినంతా తవ్వి, ఇనుప డ్రమ్ముల్లో మూతలు బిగించి, విషం దాచే యార్డుకు లారీల్లో పంపాలి. ఆ తర్వాత గోడలూ షెడ్లూ కూల్చాలి. కాంట్రాక్టు నగరి దేవరాజులుది. డ్రమ్ములు లారీకెక్కించే మనుషుల్లో మునిశేఖర్ ఒకడు.

"ఎవురు సూసినారు అతను దొంగతనం చేస్తా ఉంటే?" అని మిల్లు ఆఫీసు గదిలో దేవరాజులును అడిగాను.

దేవరాజులు తన బావమరిది మునెయ్య పేరు చెప్పాడు. మునెయ్య గ్రానైట్ క్వారీల్లో మందు పెట్టే పని చేసినవాడు, చిమ్నీ పని కూడా అతనిదే. మొన్న పొద్దుగూకే వేళ మునిశేఖర్ కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వెనక గోడ దూకుతుంటే కళ్లారా చూశాడట. మునెయ్యను నేను గేటు దగ్గర అప్పటికే పలకరించి ఉన్నాను. నుదుట పసుపూ కుంకుమా, సన్నటి మనిషి, మెత్తటి మాట. అడిగినదానికల్లా ముందుగానే బట్టీ పట్టినట్టు జవాబు చెప్పాడు.

"ఆ చుట్ట ఎంత బరువుంటాది?"

"ఇద్దురు పట్టుకుంటే గానీ లేయదమ్మా," అన్నాడు దేవరాజులు, తన నోటితో తనే ఏమి చెబుతున్నాడో తెలియకుండా.

మునిశేఖర్ కుడి చెయ్యి వారం కిందట విరిగింది. డ్రమ్ము జారి ముంజేతి మీద పడింది. పుత్తూరుకు పోయి ఆకు పసరు, గుడ్డు సొన పూయించుకుని, వెదురు బద్దలతో కట్టు కట్టించుకున్నాడు. కట్టు కనపడితే పనిలోంచి తీసేస్తారని భయపడి, పాదరసం పనివాళ్లు తొడుక్కునే తెల్ల ప్లాస్టిక్ సూటులో పెద్ద సైజుది అడిగి తీసుకుని లోపల దాచుకున్నాడు. ఎడమ చేత్తోనే నెట్టుకొస్తున్నాడు. ఇది స్టెల్లాకు తెలుసు, నాకు తెలుసు. దేవరాజులుకు తెలియదని ఆ క్షణంలో అతని ముఖం చూసి తెలుసుకున్నాను.

అప్పుడే జీపు దిగి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గిరిప్రసాద్ వచ్చాడు. ఎస్సైగా చేరిన కొత్తలో మా స్టేషనులోనే పనిచేశాడు. నేర్పిన పని మర్చిపోయాడు గానీ అక్కా అని పిలవడం మర్చిపోలేదు. నలుగురిలో ఆ పిలుపు వినపడితే అది ఎగతాళి కిందే లెక్క.

"ఏం ప్రసన్నక్కా, పెండ్లి సంబంధాలు అయిపోయినాయా? ఈడ ఎవురికి పిల్లను సూస్తా ఉండావు?"

"నీకే సార్. పాత పెండ్లాం వద్దంటా ఉందని విన్నా," అన్నాను. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

కట్టు సంగతి చెప్పాను. కట్టు విప్పి పారేసి ఉంటాడు, అసలు చెయ్యి విరగనే లేదేమో, అదంతా నాటకమేమో అని గిరిప్రసాద్ కొట్టిపారేశాడు. ఈ సీమలో పుట్టినవాడెవడైనా పుత్తూరు కట్టును వైద్యుడు విప్పమన్న రోజుకు ముందు విప్పుతాడా అని అడిగాను. నాన్నను చంపుతానంటే విప్పుతాడేమో గానీ కేబుల్ కోసం విప్పడు. అతను వినలేదు. జేబులోంచి ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు.

ఈ పనిని పర్యవేక్షించే ఇంజనీరు రఘునాథ్ పంపిన మెసేజ్ అది. మట్టి ఎక్కడ తీశారు, ఎక్కడ మిగిలింది అని పరీక్షించి చెప్పాల్సింది ఆయనే. మొన్న రాత్రి సెలవు మీద చెన్నై వెళ్లాడట. ఈ రోజు పొద్దున తొమ్మిదింటికి పంపాడు: మట్టి మొత్తం పోయింది, నాకు అభ్యంతరం లేదు, చిమ్నీ పడగొట్టవచ్చు.

"మాట్లాడినావా ఆయనతో?"

"ఫోను రింగయింది, ఎత్తలే. ఆ వెంటనే మెసేజ్ పెట్టినాడు. సాలదా?"

నా వెంట వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్న స్టెల్లా మెల్లగా నోరు విప్పింది. రఘునాథ్ సార్ మంచివాడట. ఆయన ఫోను మోగితే కోడి కూసినట్టే కూస్తుందట. ఆయన యార్డులోకి వస్తుంటే కూలీలు తెల్లారిందిరా అని నవ్వుకునేవాళ్లని మునిశేఖర్ ఇంట్లో చెప్పేవాడు. అంత మంచివాడు మొన్న రాత్రి మునిశేఖర్ గురించి ఒక్క మాట కూడా అడగకుండా ఎట్లా వెళ్లిపోయాడని ఆమె సందేహం. నాకూ అదే సందేహం. రఘునాథ్ నంబరు నా ఫోన్లో ఎక్కించుకున్నాను.

మునిశేఖర్ దూకాడన్న గోడ చూస్తానని లేచాను. శుద్ధ దండగ అని గొణుగుతూనే గిరిప్రసాద్ వెంట వచ్చాడు. దేవరాజులు మాత్రం ఎందుకమ్మా ఎండలో అన్నాడు. అతను అలా అనకపోయి ఉంటే నేను అంత జాగ్రత్తగా చూసేదాన్ని కాదేమో.

యార్డంతా తవ్వేసి, నల్ల ప్లాస్టిక్ పట్ట పరిచి, పైన బంకమట్టి తొక్కించారు. గోడ నా తల కంటే ఎత్తు. పైన ఎండిన పాచి అంగుళం కూడా చెదరలేదు. పావురాల రెట్ట కూడా పొలుసులుగా అలాగే ఉంది. చెయ్యి విరిగినవాడు కాదు కదా, పిల్లి దూకినా ఆ పాచి రాలుతుంది. ఆ మాట గిరిప్రసాద్‌కు చెప్పాను. ఇంకో చోట దూకి ఉంటాడన్నాడు గానీ ఈసారి గొంతు కాస్త తగ్గింది.

ఆ గోడ కిందే, పట్ట పరచకుండా వదిలేసిన మూల ఒకటి ఉంది. అక్కడ ఏడు రాళ్లు వరసగా నాటి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. నిమ్మకాయల దండ, వేపరెమ్మలు, పక్కనే నాటిన వేపమొక్క. చుట్టూ తాడు కట్టి ఉంది. ఏడుగురు అక్కచెల్లెళ్లయిన అక్కదేవతల స్థానం.

"మిల్లు కట్టకముందు నుంచీ ఉండాదమ్మా," అన్నాడు దేవరాజులు. "కూలోళ్లు ఆడ పార దించమంటే దించలే. మునెయ్యోళ్లది పూజార్ల కుటుంబం. వాడే శుద్ధి చేసి పసుపు పూసినాడు. ఆ రవ్వంత చోటు వదిలేద్దామని ఆఫీసరు సార్లు కూడా ఒప్పుకున్నారు."

చెప్పులు విప్పి తాడు దాటి వెళ్లి కూర్చున్నాను. మా అమ్మ ఏటేటా అక్కదేవతలకు పొంగలి పెట్టేది. నూనె, పసుపు, పాలు పడీ పడీ ఆ రాళ్లు నల్లగా మెత్తగా ఉండేవి. ఈ రాళ్లకు ఉన్నది ఒక్క పూత, అదీ గోటితో గీస్తే లేస్తోంది. లోపల కొత్త గ్రానైటు మెరుస్తోంది. మూడో రాయి వెనక సగం గొట్టం లాంటి గాడి ఉంది. క్వారీలో బండ పగలగొట్టడానికి డ్రిల్లు దింపిన గాడి అది. అమ్మవారు క్వారీ నుంచి లారీలో దిగింది.

వేపమొక్క మొదలంటా మాడిపోయి ఉంది. దాని మొదట్లో మట్టిని పుల్లతో కదిపాను. వెండి గుండు ఒకటి బయటికి దొర్లింది. పుల్లతో తాకితే రెండయింది, వదిలితే మళ్లీ ఒకటయింది.

"తియ్యండి ఈ రాళ్లు," అన్నాను.

గిరిప్రసాద్ నా భుజం పట్టి పైకి లేపాడు. ఇప్పుడు నిజంగానే కోపం వచ్చింది అతనికి. దేవత రాళ్లు కదిపితే ఊళ్లన్నీ మీద పడతాయని, ఆ గొడవ సర్దాల్సింది తానని, నాకేం, బస్సెక్కి తిరుపతి పోతానని అరిచాడు. అతని భయంలో న్యాయం లేకపోలేదు. కానీ మా వెనకే వచ్చి తాడుకు అవతల నిలబడిన స్టెల్లా ముఖం చూశాను. ఆ రాళ్ల కింద ఎవరున్నారని ఆమె అనుకుంటోందో అడగక్కర్లేదు.

"గిరీ, ఈ రాళ్లు పుట్టి నెల కూడా కాలేదు. తప్పయితే అమ్మ నన్ను కొడుతుంది, నిన్ను గాదు. నువ్వు ఆ పక్కకు తిరుక్కో."

రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. అమ్మా, నువ్వు ఇక్కడ ఉంటే క్షమించు, లేకపోతే నీ పేరు వాడుకున్నవాణ్ణి చూసుకో అని మనసులో అనుకున్నాను. గడ్డపార తీసుకుని నాలుగో రాయిని పెకిలించాను. అడ్డుకుంటాడనుకున్న గిరిప్రసాద్ అడ్డుకోలేదు. రెండో పోటుకే గడ్డపార ఇనుము మీద ఖంగుమంది. మట్టి తోస్తే డ్రమ్ము మూత కనపడింది, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి.

గిరిప్రసాద్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. దేవరాజులు అక్కడే కుప్పగా కూర్చున్నాడు. విషం యార్డుకు డ్రమ్ముల్లో మామూలు మట్టి పోసి పంపామని, అసలువి ఇక్కడ పాతామని, దేవత ఉందంటే ఏ ప్రభుత్వమూ తవ్వదని మునెయ్యే సలహా ఇచ్చాడని ఒక్క గుక్కలో కక్కేశాడు. మునిశేఖర్ ఏడని గిరిప్రసాద్ కాలర్ పట్టుకుని అడిగితే, బిడ్డల మీద ఒట్టేసి తెలియదన్నాడు. కానిస్టేబులూ నేనూ డ్రమ్ముల సందులన్నీ గడ్డపారతో పొడిచి చూశాం. గట్టి నేల తగిలింది. మనిషి లేడు.

స్టెల్లా తాడు పట్టుకుని అలాగే నేల మీదికి జారింది. శవం దొరకనందుకు సంతోషించాలో, మనిషి దొరకనందుకు ఏడవాలో తెలియని ముఖం అది. అటువంటి ముఖాలు చూడలేకే నేను ఉద్యోగం మానేశాను.

యార్డు అవతల నుంచి మొదటి సైరన్ మోగింది. ఇంకో పావుగంటలో చిమ్నీ.

నేను పెకిలించిన రాళ్ల వంక చూస్తున్నాను. పసుపు ఉంది, కుంకుమ ఉంది, నిమ్మకాయలు ఉన్నాయి. పొద్దున్నించీ ఏదో తక్కువగా ఉందని మనసు పీకుతూనే ఉంది. ఇప్పుడు తెలిసింది. ఏడుగురు అక్కలు ఉన్నచోట ఎదురుగా తమ్ముడు ఉండి తీరాలి. మా ఊళ్లో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. క్వారీ రాయితో దేవతను చేసినవాడికి ఇంకో రాయి కరువా? అందులోనూ పూజారి కడుపున పుట్టినవాడికి?

"దేవరాజులూ, పోతురాజు యాడ?"

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత పెదవులు తడుపుకున్నాడు.

"నేనూ అడిగినానమ్మా. మునెయ్య నిన్న ఒక మాటన్నాడు. 'పోతురాజుకు వేరే చోటు సూసినాను బావా. బలి ఇచ్చే కాడ నిలబెట్టాల గదా' అన్నాడు. చిమ్నీకి కోడిని కోస్తాడేమో అనుకున్నా."

గిరిప్రసాద్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొద్దున్నించీ మేం వేసుకున్న పోట్లాటలన్నీ ఆ ఒక్క చూపుతో ఎగిరిపోయాయి. దేవరాజులును కానిస్టేబుల్‌కు వదిలేసి, స్టెల్లాతో కలిపి ముగ్గురం చిమ్నీ వైపు పరుగెత్తాం. మోకాళ్ల నొప్పి నిజంగానే ఉందని దారిలో తెలిసింది.

చిమ్నీ ముందు వైపు గుమ్మడికాయ పగిలి ఉంది, కర్పూరం మసి ఉంది. అది కూలీలు చేసుకున్న పూజ. వెనక్కి వెళ్లాం. అక్కడ ఒకప్పుడు మసి తీయడానికి మనిషి దూరేంత కంత ఉండేది. దాన్ని ఇటుకలతో మూసేశారు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. ఆ ఇటుకల ముందు, నేలలో నాటిన పొడవాటి రాయి, పసుపు, నెత్తిన కుంకుమ. తమ్ముడు ఇక్కడున్నాడు.

చేతికి నెత్తురంటకుండా బలి ఇవ్వడానికి మునెయ్య మంచి చోటే చూశాడు. దొంగ పూజ చేసినవాడు కూడా పోతురాజును బలి చోట తప్ప ఇంకెక్కడా నిలబెట్టే ధైర్యం చేయలేకపోయాడు.

గోడ చుట్టూ రంధ్రాలు, రంధ్రాల్లోంచి వేలాడుతున్న తీగలు. గిరిప్రసాద్ ఫోన్ తీసి మునెయ్యకు కొట్టాడు. చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి ఫోనును చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మునెయ్యా, సీఐని మాట్లాడతా ఉండా. పేల్చుడు ఆపేయ్. తీగలు పీకేసి పెట్టె ఆడనే పెట్టి రా."

"అట్నే సార్. పీకేస్తా ఉండా. లైన్లోనే ఉండండి," అంది మెత్తటి గొంతు. అతను ఉన్నది గేటు దగ్గర ఇసుక మూటల వెనక, మాకు కనపడనంత దూరంలో.

గడ్డపార మందు రంధ్రాలకు తగలకుండా మెల్లగా ఇటుకలు ఊడదీశాం. నాలుగో ఇటుక లోపలికి పడింది. మసి వాసన, ఉచ్చ వాసన గుప్పున కొట్టాయి. స్టెల్లా నన్ను పక్కకు నెట్టి భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. తడిమి తడిమి ఆగింది. ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి వస్తుంటే దాంతోపాటు ఒక చెయ్యి వెలుతురులోకి వచ్చింది. మసి పట్టిన గుడ్డ, దాని కింద వెదురు బద్దలు. వేళ్లు కదిలాయి.

"మునీ," అంది స్టెల్లా. అంతే అంది. తర్వాత గిరిప్రసాద్ వైపు తిరిగింది. "రాసుకోండి సార్. దొంగ దొరికినాడు."

గిరిప్రసాద్ తల దించుకుని ఇంకో ఇటుక ఊడదీశాడు.

లోపలి నుంచి గొంతు వచ్చింది. రెండు రోజులు నీళ్లు లేని గొంతు, మాట మాటకూ తెగుతోంది. డ్రమ్ముల సంగతి తను రఘునాథ్ సారుకు చెప్పాడట. ఇద్దరూ రాళ్ల దగ్గర ఉండగా వెనక నుంచి దెబ్బ పడింది.

"సారు కూడా ఈడనే ఉండాడు," అన్నాడు మునిశేఖర్. "తలకు బాగా తగిలింది. నిన్న సాయంత్రం నుంచి పలకడం లే. ఒళ్లు సల్లగా అయిపోయింది."

నిన్న సాయంత్రం నుంచి. మరి ఈ పొద్దున తొమ్మిదింటికి మెసేజ్ పెట్టిందెవరు? గిరిప్రసాద్ కూడా అదే లెక్క వేసుకున్నట్టున్నాడు, అతని చెయ్యి ఇటుక మీదే ఆగిపోయింది. నేను నా ఫోన్ తీసి, పొద్దున ఎక్కించుకున్న నంబరు నొక్కాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గిరిప్రసాద్ చొక్కా జేబులోంచి, ఇంకా తెగని మునెయ్య లైనులోంచి, కోడి కూసింది.

రెండోసారి కూయకముందే లైను తెగిపోయింది. బ్యాటరీ పెట్టె మునెయ్య దగ్గరే ఉంది. మేం ముగ్గురం చిమ్నీ కిందే ఉన్నాం, స్టెల్లా చెయ్యి ఇంకా ఆ కంతలోనే ఉంది.